గెట్టు దాటిన గడ్డిమందు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి మాకు అందిన ఉత్తరాలలో కలుపు మందుల గురించినవే ఎక్కువ. కూలీలు దొరకక, దొరికినా కూలి గిట్టుబాటు కాక, గుంటుక తోలే చోట గడ్డిమందు వచ్చి చేరిన సంగతి వరంగల్ చుట్టుపక్కల రైతులందరికీ తెలిసినదే. అయితే ఈసారి ఎక్కువ మంది అడిగింది ఏ మందు ఏ గడ్డిని చంపుతుందని కాదు, చల్లిన మందు ఆ తర్వాత ఏమవుతుంది, ఎక్కడికి పోతుంది అని. చాలాకాలంగా నేను ఎదురుచూస్తున్న ప్రశ్న ఇది. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయించాము. కొందరు కోరినందున ఎవరి పేర్లూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మాకు రెండెకరాలు నల్లరేగడి, రెండెకరాలు చెలక ఉన్నాయి. పత్తి గింజలు పెట్టిన మరునాడు రెండింటిలోనూ పెండిమిథాలిన్ కొట్టించాను. ఆ రాత్రే పెద్ద వాన పడింది. చెలకలో నుంచి ఎర్రనీళ్లు పారి ఒర్రెలో కలిశాయి. మందంతా కొట్టుకుపోయినట్టేనా? మళ్లీ కొట్టించాలా? ఆ ఒర్రె మా ఊరి కుంటలోకే పోతుంది.
(పరకాల ప్రాంతం నుంచి ఒక పత్తి రైతు)

జవాబు: మళ్లీ కొట్టించవద్దు. ఇదే సందేహంతో ఇంకో డబ్బా కొనడానికి సిద్ధపడిన వారు మరికొందరు ఉండవచ్చు కాబట్టి ఆ మాట ముందుగా చెప్పి, తర్వాత కారణాలలోకి వస్తున్నాను.

నేల మీద పడిన ఏ కలుపు మందునైనా రెండు వైపుల నుంచి లాగేవి ఉంటాయి. ఒకవైపు మట్టిలోని బంకరేణువులు, ఆకు అలము, పెంట కుళ్లి ఏర్పడిన సేంద్రియ పదార్థం, మరోవైపు నీరు. ఏది గట్టిగా లాగితే మందు దాని వెంట ఉంటుంది. పెండిమిథాలిన్ నీటిలో కరగడం చాలా తక్కువ. లీటరు నీటిలో మిల్లీగ్రాములో మూడో వంతు మాత్రమే కరుగుతుంది. మట్టిని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. మందు కలిపిన మనిషి వేళ్లకు అంటిన పసుపు రంగు ఎన్ని నీళ్లతో కడిగినా ఒక పట్టాన వదలకపోవడం మీరు చూసే ఉంటారు. అదే గుణంతో అది నేల పైపొరలో, కొద్ది సెంటీమీటర్ల లోతులోనే ఆగిపోతుంది. అందువల్ల వాన నీటిలో కరిగి పోయేది స్వల్పం. మట్టి కదిలితే మాత్రం మట్టితో పాటే కదులుతుంది.

మీ చెలకలో నుంచి పారిన ఎర్రనీళ్లను ఈ దృష్టితో చూడండి. ఆ ఎరుపంతా మీ చేను పైపొర మట్టే. రెండు గాజు సీసాలలో, ఒకదానిలో గుప్పెడు చెలక మట్టి, మరొకదానిలో గుప్పెడు రేగడి వేసి, నీళ్లు నింపి బాగా కుదిపి రాత్రంతా కదలకుండా ఉంచండి. తెల్లవారేసరికి ఇసుక అడుగుకు దిగి ఉంటుంది, పైన నీరు మాత్రం ఇంకా మసకగా ఉంటుంది. ఆ మసకను పుట్టించే సన్నని రేణువులే మందును ఎక్కువగా మోసేవి. ఇసుక ఒర్రె మొదటి మలుపులోనే ఆగిపోతే, ఇవి కుంట దాకా, కుంట నిండి మత్తడి దూకితే ఆ కింది చెరువు దాకా పోతాయి. చెలక నేల మీద పెద్ద చినుకులు పడితే పైన పెచ్చు కట్టి నీరు ఇంకదు, పారుతుంది. నల్లరేగడి అలా కాదు. ఎండాకాలపు నెర్రెలు పూడేదాకా తొలకరి నీటిని మింగుతుంది, తడిసి ఉబ్బిన తర్వాతే పారడం మొదలుపెడుతుంది. కాబట్టి మీ రెండు ముక్కలలో మొదటి వానకు ఎక్కువ పోగొట్టుకున్నది చెలకే అయి ఉంటుంది.

ఎంత పోతుందన్న దానికి లెక్కలు ఉన్నాయి. అప్పటిదాకా అమెరికా పొలాలలో జరిగిన ప్రయోగాలను 1978లో సమీక్షించినప్పుడు, చాలా మందులలో వాన నీటితో పారిపోయేది చల్లిన దానిలో అర శాతం లోపేనని, నీటిలో కలిపే పొడి మందులలో అది 2 నుంచి 5 శాతం దాకా పోవచ్చని తేలింది. అయితే చల్లిన ఒకటి రెండు వారాలలోపు కుండపోత వాన పడితే ఈ లెక్క నిలవదు, ఎక్కువే పోతుంది. అంటే మొత్తం సంవత్సరంలో చేను దాటే మందులో పెద్ద భాగం ఆ ఒక్క వానతోనే దాటుతుంది. కొట్టిన నెల రోజులకు పడిన వానతో పోయేదానికీ, కొట్టిన రాత్రే పడిన వానతో పోయేదానికీ పోలికే లేదు. తొంభై శాతానికి పైగా మందు మీ చేనులోనే ఉండగా మళ్లీ కొట్టిస్తే పత్తి మొలకకు దెబ్బ, జేబుకు దెబ్బ, కుంటకు మరింత దెబ్బ.

వచ్చే ఏడు చేయగలిగినవి రెండు ఉన్నాయి. విత్తిన 48 గంటలలోపు కొట్టాలన్న నియమంలో మీకు రెండు రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ రెండు రోజులలో వాతావరణ శాఖ భారీ వాన సూచన ఇచ్చిన రోజును వదిలి, నేలలో పదును ఉన్న మరో పూటను ఎంచుకోండి. చెలకలో సాళ్లు వాలుకు అడ్డంగా తోలి, ఒర్రె వైపు గెట్టు వెంట నాలుగైదు అడుగుల వెడల్పున గడ్డిని కొట్టకుండా వదలండి. ఆ గడ్డి పట్టీ నీటి వేగాన్ని తగ్గించి మట్టిని దించేస్తుంది కాబట్టి పెండిమిథాలిన్ వంటి మందులకు బాగా అడ్డుపడుతుంది. కరిగి పోయే మందులకు దాని అడ్డు తక్కువే. చెరువు పూడిక మట్టి తోలిన చెలకలో బంకరేణువులు పెరిగి మందును పట్టుకునే శక్తి కూడా పెరుగుతుంది. మిషన్ కాకతీయ రోజుల్లో పూడిక తోలుకున్న వారికి ఇది అదనంగా దక్కిన మేలు.

ప్రశ్న: మా బడి చుట్టూ యాసంగిలో మక్కజొన్నే. అందరూ అట్రజిన్ కొడతారు. పిల్లలు తాగేది బడి ఆవరణలోని బోరు నీళ్లు. నీరు అద్దంలా తేటగానే ఉంటుంది. ఆ మందు బోరులోకి దిగుతుందా? కాచి తాగితే సరిపోతుందా?
(నర్సంపేట ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: అమ్మా, నీటి తేటదనాన్ని చూసి అట్రజిన్ గురించి ఏమీ చెప్పలేము. పై జవాబులోని పెండిమిథాలిన్ మట్టిని పట్టుకుని పోయేది; అట్రజిన్ కరిగి పోయేది. లీటరు నీటిలో సుమారు 33 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, మట్టిని ఒక మోస్తరుగానే పట్టుకుంటుంది. అందువల్ల అది తేట నీటిలోనే ప్రయాణిస్తుంది, పైన పారే నీటితో ఒర్రెలోకీ, ఇంకే నీటితో కిందికీ.

నేల పైపొరలో అట్రజిన్ సగానికి తగ్గడానికి సగటున రెండు నెలలు పడుతుంది. సగం తగ్గడమంటే మిగిలిన రెండు నెలల్లో పూర్తిగా పోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, రెండు నెలలకు సగం, నాలుగు నెలలకు పావు, ఆరు నెలలకు ఎనిమిదో వంతు, ఇలా మిగులుతూ పోతుంది. ఈ రెండు నెలలన్నది కూడా రాసిపెట్టిన గడువు కాదు. మందును విరగ్గొట్టే పని ముఖ్యంగా మట్టిలోని సూక్ష్మజీవులది. అవి తడి, వెచ్చదనం, కుళ్లే ఎరువు ఉన్నచోట చురుగ్గా ఉంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి పని వేగం సుమారుగా రెట్టింపు అవుతుంది. అట్రజిన్‌లోని నత్రజనినే ఆహారంగా తీసుకుని బతికే సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియాను 1990ల్లో అమెరికా శాస్త్రవేత్తలు మట్టి నుంచి వేరు చేశారు. ఏటా ఇదే మందు పడే నేలల్లో ఇటువంటి జీవులు పెరిగి మందు త్వరగా విరిగిపోవడం కూడా గమనించారు. కానీ యాసంగిలో పైపొర ఎండిపోతే వాటి పని మందగిస్తుంది. మందు ఒకసారి వేళ్ల లోతు దాటి కిందికి దిగితే, అక్కడ జీవులూ తక్కువ, వాటి ఆహారమూ తక్కువ కాబట్టి ఏళ్ల తరబడి నిలవగలదు. యూరప్ అనుభవం ఇదే. ఏ పురుగుమందైనా, కలుపు మందైనా తాగునీటిలో లీటరుకు 0.1 మైక్రోగ్రాము (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు) మించరాదన్నది అక్కడి నియమం. భూగర్భ జలాలలో అట్రజిన్ ఆ హద్దు దాటుతూ ఉండటంతో 2004లో దానికి అనుమతిని నిరాకరించారు. ఆ తర్వాత ఏళ్లకు కూడా అక్కడి బావుల్లో దాని ఆనవాళ్లు బయటపడుతూనే వచ్చాయి.

విరగడం అంటే మాయమవడం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అట్రజిన్ విరిగినప్పుడు వచ్చే ముక్కల్లో ఒకటైన హైడ్రాక్సీ అట్రజిన్ మట్టికి గట్టిగా అంటుకుని ఆగిపోతుంది. డీఇథైల్ అట్రజిన్ అనే మరో ముక్క అసలు మందు కంటే సులువుగా నీటితో కిందికి దిగుతుంది. అందుకే బోరు నీటిని పరీక్షకు ఇచ్చేటప్పుడు అట్రజిన్‌తో పాటు అది విరిగి వచ్చే పదార్థాలను కూడా చూడమని అడగాలి.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అట్రజిన్ లీటరుకు 2 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన, డీఇథైల్ అట్రజిన్ వంటి విరిగి వచ్చే పదార్థాలతో కలిపి, 100 మైక్రోగ్రాములు. ఈ తేడాలు చూసి కంగారు పడనవసరం లేదు. యూరప్ అంకె అసలు నీటిలో మందే ఉండకూడదన్న విధానం నుంచి వచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థది జీవితాంతం తాగినా హాని కలగని మోతాదుగా లెక్కగట్టినది. అయినా మన ప్రమాణమే ఎంత చిన్నదో చూడండి: 50 శాతం పొడి మందు ఎకరానికి కిలో వేస్తే అందులో అసలు అట్రజిన్ 500 గ్రాములు. దానిలో ఒక్క గ్రాము చాలు, 5 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చడానికి. ఒక్క శాతం, అంటే 5 గ్రాములు, చేను దాటితే 25 లక్షల లీటర్లు.

మీ బోరు సంగతికి వస్తే, వరంగల్ ప్రాంతం కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు రాయి. నీరు దాని పైనున్న మొరం పొరలోనూ, రాతి పగుళ్లలోనూ ఉంటుంది. మొరం గుండా మెల్లగా ఇంకే నీటికి వడపోత దొరుకుతుంది, పగులు గుండా నేరుగా దిగే నీటికి దొరకదు. అంతకంటే దగ్గరి దారి మరొకటి ఉంది. కేసింగ్ పైపు నేల మట్టానికే కోసి ఉన్నా, చుట్టూ సిమెంటు గద్దె లేకున్నా, వాన నీరు పైపు పక్క సందులో నుంచి గరాటులో పోసినట్టు దిగుతుంది. ముందు అది చూడండి. పైపును అడుగున్నర ఎత్తు లేపించి, చుట్టూ బయటికి వాలుగా గద్దె కట్టించండి. బోరు పక్కన ఎవరూ మందు కలపకుండా, మందు కొట్టే పంపు కడగకుండా చూడండి. కాచడం వల్ల అట్రజిన్ పోదు, ఆవిరైన నీటి మేరకు మిగిలినది చిక్కబడుతుంది కూడా. యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న వడపోత యంత్రం, కార్బన్‌ను వేళకు మారిస్తే, బాగా తగ్గిస్తుంది. పరీక్ష చేయించనిదే మీ బోరులో మందు ఉందనీ లేదనీ చెప్పడం తప్పు. మామూలు నీటి పరీక్ష కిట్లు దీన్ని పట్టలేవు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉన్న పురుగుమందుల అవశేషాల విభాగం వంటి చోట అడగాలి.

ప్రశ్న: నాట్లు అయిన వారానికి మా కుంటలో చేపలు తేలాయి. పైనున్న పొలాల వాళ్లు బ్యూటాక్లోర్ చల్లి, వాన ఎక్కువై మడుల నీళ్లు విడిచిపెట్టారు. వాళ్లేమో గడ్డిమందు గడ్డినే చంపుతుంది, చేపలను ఏమీ చేయదు అంటున్నారు. ఎవరి మాట నిజం?
(స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతం నుంచి ఒక మత్స్య సహకార సంఘం సభ్యుడు)

జవాబు: గడ్డిమందు చేపలను ఏమీ చేయదన్న మాట బ్యూటాక్లోర్ విషయంలో నిజం కాదు. ప్రయోగశాల పరీక్షల్లో లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము కంటే తక్కువ మోతాదులోనే బొచ్చె జాతికి దగ్గరైన కార్ప్ చేపలు నాలుగు రోజుల్లో సగం చనిపోయాయి. ఇప్పుడు మడి లెక్క చూద్దాం. ఎకరం పొలంలో 5 సెంటీమీటర్ల లోతు నీరు ఉంటే అది సుమారు 2 లక్షల లీటర్లు. 50 శాతం బ్యూటాక్లోర్ లీటరు మందును ఇసుకలో కలిపి చల్లితే అసలు మందు సుమారు 500 గ్రాములు. అంతా నీటిలోనే ఉందనుకుంటే లీటరుకు 2.5 మిల్లీగ్రాములు. అదే రోజు ఆ నీటిని విడిచిపెడితే అది చేపలకు విషమే. కానీ ఆ మందు నీటిలో ఎక్కువ రోజులు ఉండదు. చాలా భాగం మడి అడుగు బురదకు అంటుకుంటుంది, సూక్ష్మజీవులు విరగ్గొడతాయి, కొంత ఎండకు పోతుంది. మొదటి వారంలోనే నీటిలోని మోతాదు బాగా పడిపోతుంది. మందు ఒక్కటే, మడి ఒక్కటే; మూడో రోజు విడిచిన నీటికీ పదో రోజు విడిచిన నీటికీ చేప బతుకులో ఉన్న తేడా అంతా ఇక్కడ ఉంది.

ఇది మన దగ్గరే కొత్తగా వచ్చిన తగాదా కాదు. 1980ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాక్రమెంటో నది పరివాహకంలో, వరి మడుల నుంచి విడిచిన నీరు పారే కాలువల్లో మొలినేట్ అనే కలుపు మందు వల్ల కార్ప్ చేపలు పెద్ద ఎత్తున చనిపోయాయి. అదే సమయంలో థయోబెంకార్బ్ అనే మరో వరి మందు విరిగి వచ్చిన పదార్థం వల్ల శాక్రమెంటో నగరపు తాగునీరు చేదెక్కింది. అక్కడివారు వరి మానలేదు, మందులూ వెంటనే మానలేదు. మందు చల్లిన తర్వాత నీటిని ఇన్ని రోజులు మడిలోనే నిలిపి ఉంచాలని నియమం పెట్టి, దాన్ని క్రమంగా నాలుగు వారాల దాకా పెంచారు. పదేళ్లు తిరగకముందే నదిలో ఆ మందుల మోతాదు నూటికి తొంభై పాళ్లకు పైగా తగ్గింది. జపాన్‌లో కూడా వరి కలుపు మందులు చల్లాక వారం రోజులు నీరు బయటికి వదలవద్దని చెబుతారు. నీటిని ఆపి ఉంచడమే ఇక్కడ వైద్యం, దానికి పైసా ఖర్చు లేదు.

అయితే ఆపి ఉంచడం చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు. కిందటి ఏడు వర్ధన్నపేట దగ్గర ఒక పొలంలో రైతుతో పాటు గెట్టు మీద నిలబడి చూశాను. తూము గట్టిగా మూసే ఉంది, మందు చల్లి ఒక రోజే అయింది, ఆయన జాగ్రత్తపరుడే. కానీ గెట్టు పాదంలో ఎండ్రకాయ తొలిచిన బొక్క నుంచి చిటికెన వేలంత సన్నని ధార కింది మడిలోకి, అక్కడి నుంచి కాలువలోకి పడుతోంది. ఆయన కూతురు తెచ్చిన పదిహేను లీటర్ల బిందెను ఆ ధార కింద పెట్టి గడియారం చూశాము. రెండున్నర నిమిషాల్లో నిండింది. అంటే రోజుకు ఎనిమిదిన్నర వేల లీటర్లకు పైన. 2 లక్షల లీటర్ల మడిలో మూడు రోజులకు అది ఎనిమిదో వంతు, అదీ మందు అన్నిటికంటే చిక్కగా ఉన్న మూడు రోజుల్లో. ఆ బొక్కను గడ్డి మట్టితో కూరి కాలితో తొక్కడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా మందు చల్లేముందు గెట్ల చుట్టూ ఒకసారి తిరిగి రమ్మని చెబుతున్నాను. గెట్టు జానెడు ఎత్తైనా ఉండి, మడిలో నీరు పలుచగా ఉన్నప్పుడు మందు చల్లితే, ఆ తర్వాత వాన పడినా పట్టుకోవడానికి చోటు మిగులుతుంది. నిండా నీళ్లు పెట్టి చల్లినవారే వాన రాగానే తూము తీయవలసి వస్తుంది.

మీ చేపల మరణానికి మందే కారణమని నేను ఇక్కడి నుంచి తీర్పు చెప్పడం న్యాయం కాదు. వానాకాలంలో మబ్బు పట్టిన రాత్రుల తర్వాత నీటిలో ప్రాణవాయువు తగ్గి కూడా చేపలు పోతాయి. అలా పోయినప్పుడు సాధారణంగా తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తాయి, పెద్ద చేపలు ముందుగా పోతాయి, పొద్దెక్కితే మిగిలినవి తేరుకుంటాయి. విషం కలిసినప్పుడు వేళాపాళా ఉండదు, చేపపిల్లలు ముందు పోతాయి, నీరు వచ్చి కలిసే మూల నుంచి చావు మొదలవుతుంది. ఇకముందు ఇలా జరిగితే మొదటి గంటలోనే శుభ్రమైన గాజు సీసాలలో, కాలువ కలిసే చోట ఒకటి, మత్తడి దగ్గర ఒకటి నీరు పట్టి, ఎండ తగలకుండా మంచుగడ్డలలో పెట్టి, సీసా మీద తేదీ, వేళ రాసి మత్స్య శాఖ వారికి అందజేయండి. రెండు రోజులు ఆలస్యమైతే ఆ నీరు ఏ సాక్ష్యమూ చెప్పదు.

మరో మాట. కాకతీయుల కాలం నుంచి మన చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై కుంట మత్తడి దూకిన నీరే కింది చెరువులోకి చేరుతుంది. పాకాల చెరువు దగ్గర మొదలైన మున్నేరు కృష్ణలో కలుస్తుంది, ములుగు వైపు వాగులు గోదావరికి పోతాయి. కాబట్టి మీ తగాదా పై పొలాలవారికీ మీకూ మధ్య మాత్రమే ఉన్నదని అనుకోకండి. నాట్లకు ముందే రెండు పక్షాలూ కుంట కట్ట మీద కూర్చుని, మందు చల్లిన తేదీ నుంచి కనీసం వారం, వీలైతే పది రోజులు తూము తీయవద్దని మాట అనుకుంటే చాలా వరకు తీరుతుంది. వారు కావాలని చేసిన పని కాదు. నీరు ఎంతసేపు ఆపాలో వారికి చెప్పినవారు లేరు.

ప్రశ్న: గ్లైఫోసేట్ నేలకు తగలగానే చచ్చిపోతుందని, నీళ్లకు ఏమీ కాదని మందుల దుకాణంలో చెప్పారు. నిజమేనా?
(భూపాలపల్లి ప్రాంతం నుంచి ఒక యువ రైతు)

జవాబు: పని చేయడం ఆగుతుంది, చచ్చిపోదు. ఈ రెంటికీ తేడా ఉంది. గ్లైఫోసేట్ నిర్మాణంలో భాస్వరం ఉంటుంది. అందువల్ల మట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లను భాస్వరం పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకుంటుంది. మన ఎర్రనేలల ఎరుపు ఆ ఇనుముదే. అలా అంటుకున్న మందు వేళ్లకు అందదు కాబట్టి మరునాడు విత్తినా మొలక వస్తుంది. దాన్ని చూసే నేలకు తగలగానే చస్తుందన్న మాట పుట్టింది. నిజానికి అది సగానికి తగ్గడానికి సగటున నెలన్నర, నేలను బట్టి కొద్ది రోజుల నుంచి ఆరు నెలల దాకా పడుతుంది. అది విరిగితే వచ్చే ఆంపా అనే పదార్థం ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. డీఏపీ వంటి భాస్వరం ఎరువు పడితే మట్టిలోని ఆ పట్టు జాగాల కోసం పోటీ ఏర్పడి కొంత గ్లైఫోసేట్ విడుదల కూడా అవుతుంది. మట్టి కోతతో అది వాగులకు చేరుతుంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ అక్కడి వాగులలోనూ నదులలోనూ గ్లైఫోసేట్, ఆంపా రెండింటినీ విస్తారంగా గుర్తించింది.

మీరు అడగకపోయినా చెప్పవలసిన విషయం ఒకటి ఉంది. గ్లైఫోసేట్‌ను అనుమతి పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా మాత్రమే వాడాలని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గడ్డిమందును తట్టుకునే పత్తి విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు. ఆ విత్తనాన్ని చాటుమాటుగా అమ్మేవారు దానితో పాటు పంట మీదనే గ్లైఫోసేట్ కొట్టే అలవాటునూ అమ్ముతున్నారు. వాన మధ్యలో, గాలిలో, కాలువల పక్కన, ఒకే సీజనులో రెండు మూడు సార్లు కొట్టే ఆ పద్ధతి మన ఒర్రెలకు మోయలేని భారం. దయచేసి దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: మా పత్తి ఆకులు సన్నబడి బెండ ఆకుల్లా చీలాయి. మేము ఏ గడ్డిమందూ కొట్టలేదు. తెగులా?
(ఆత్మకూరు ప్రాంతం నుంచి)

జవాబు: మీరు పంపిన ఫోటోలో ఉన్నది తెగులు కాదు, 2,4-డి తగిలిన గుర్తు. పత్తికి ఈ మందు ఎంత స్వల్పంగా తగిలినా లేత ఆకులు ఇలా మారతాయి. పక్క వరి పొలంలోనో గెట్ల మీదనో కొట్టినప్పుడు గాలికి వచ్చి ఉంటుంది. ఎస్టర్ రకమైతే కొట్టిన తర్వాత కూడా ఎండకు ఆవిరై కదులుతుంది. అమైన్, సోడియం ఉప్పు రకాలు ఆవిరి కావడం చాలా తక్కువ. అద్దెకు తెచ్చిన పంపులో పాత మందు మిగిలి ఉండటం మరో కారణం. తేలికపాటి దెబ్బ అయితే కొత్త ఆకులు మామూలుగా వస్తాయి, తొందరపడి చేను దున్నవద్దు.

ప్రశ్న: పంపు కాలువలో కడిగితే ఆ కాస్త మందుకే ఇంత నీరు చెడుతుందా?
(హసన్‌పర్తి ప్రాంతం నుంచి)

జవాబు: చెడుతుంది. పది మిల్లీలీటర్ల బ్యూటాక్లోర్, అంటే రెండు చిన్న చెంచాలు, డబ్బా అడుగున మిగిలి కాలువలో పడితే అందులో 5 గ్రాముల అసలు మందు ఉంటుంది. మన తాగునీటి ప్రమాణంలో బ్యూటాక్లోర్ హద్దు లీటరుకు 125 మైక్రోగ్రాములు. ఆ 5 గ్రాములు 40 వేల లీటర్లను ఆ హద్దుకు చేరుస్తాయి. పొలంలో పడిన మందుకు మట్టి, ఎండ, సూక్ష్మజీవులు అడ్డుపడతాయి, కాలువలో పడిన దానికి ఏదీ అడ్డుపడదు. డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లను పంపులోనే పోసి అదే చేనులో కొట్టండి, పంపు కడిగిన నీళ్లను కూడా చేనులోనే చల్లండి. ఖాళీ డబ్బాను ఇంట్లో ఏ పనికీ వాడవద్దు. పారాక్వాట్ అనే గడ్డిమందు డబ్బా విషయంలో మరీ మరీ చెబుతున్నాను, దానికి విరుగుడు మందు లేదు.

ప్రశ్న: మక్కజొన్న తీసిన చేనులో దోస, బీర పెట్టాలని ఉంది. కిందటిసారి మొలిచిన మొక్కలు ఆకు అంచుల నుంచి పండి ఎండిపోయాయి. నేలలో మందు మిగిలిందా లేదా ముందే తెలుసుకునే ఉపాయం ఉందా?
(మహబూబాబాద్ ప్రాంతం నుంచి ఒక మహిళా రైతు)

జవాబు: ఉంది, ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. మీరు చెప్పిన గుర్తులు అట్రజిన్ మిగులువే. అది మొలకను ఆపదు. ఆకు ఆహారం తయారు చేసుకునే పనిని ఆపుతుంది, అందుకే మొలిచాక, గింజలోని తిండి అయిపోయాక ఎండుతుంది. చేనులో నాలుగైదు చోట్ల పైనుంచి ఆరంగుళాల లోతు దాకా మట్టి తీసి విడివిడిగా కుండీలలో నింపండి. మందు ఎన్నడూ పడని పెరటి మట్టితో ఒక కుండీ నింపండి. నేల రకం రెంటిలోనూ ఒకటిగా ఉంటే మంచిది. ఒక్కొక్క దానిలో పది దోస గింజలు వేసి, ఎండ తగిలే చోట పెట్టి, సమానంగా నీళ్లు పోస్తూ మూడు వారాలు చూడండి. వారానికే నిర్ణయానికి రావద్దు, మొదటి వారంలో అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. చేను కుండీలలో ఆకులు అంచుల నుంచి పసుపెక్కితే ఇంకో తడి పెట్టి, పెంట ఎరువు వేసి దున్ని, ఆ పంటకు మక్కజొన్ననో జొన్ననో ఎంచుకోండి. వాటికి ఈ మందు హాని చేయదు. ఈ పరీక్ష గ్లైఫోసేట్, పారాక్వాట్ వంటి మట్టికి అంటుకుపోయే మందులకు పనికిరాదు. మట్టి తీసే చోట్లలో ఒకటి మాత్రం పంపు మోసే మనిషి సాలు చివర మలుపు తిరిగే చోటు నుంచి తీయండి, అక్కడే మందు రెండుసార్లు పడుతుంది.